అప్‌డేట్: చేపల నీచు వాసన, మా పిల్లి గోల

పోయిన వారం అడిగాను కదా, ఆదివారం చేపలు వండితే మంగళవారం దాకా ఇల్లంతా నీచు వాసనే, పైగా పిల్లి గిన్నెల మీద పడుతోందని. చింతపండు నీళ్లతో కడగమన్నవాళ్లకి దండం! నిన్న పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కెళ్లి వంజరం తెచ్చాం. కళ్లుప్పు, పసుపు రాసి, చింతపండు నీళ్లతో కడిగాను. నీచుకి కారణమైన అమైన్లనే రసాయనాలని పులుపు విరిచేస్తుందట. సింకుకీ నిమ్మచెక్క రుద్దా. వాసన ముప్పాతిక పోయింది. మిగతాది మా ఆయన కవర్లో మర్చిపోయిన మొప్పలది, అది వేరే పంచాయితీ.

పిల్లికి పులుసు ముక్క మాత్రం బంద్. ఉల్లి, వెల్లుల్లి పిల్లులకి విషమని మీరు చెప్పేదాకా తెలీదు. తోక ముక్క ఉప్పు లేకుండా ఉడికించి, ముళ్లు తీసి, మాకంటే ముందే పెట్టేశాం. తినేసి బాల్కనీలో పడుకుంది. "ఉప్పు లేని కూడు దానికేం సయిస్తాది" అని మా అత్తయ్య ఇంకా గొణుగుతూనే ఉన్నారు.