మా రాజుగాడు ఊరికే ఊళ పెడుతున్నాడు, ఏం చేయాలి?

ప్రశ్న:
వైజాగ్‌లోనే ఎంవీపీ కాలనీ నుంచి మహారాణిపేటకి మారి రెండు నెలలైంది. రాజుగాడికి మూడేళ్లు, నాటు కుక్కే. అక్కడ ఎప్పుడూ ఇలా లేదు. ఇక్కడికొచ్చాక మోర పైకెత్తి ఒకటే ఊళ. పక్కనే కేజీహెచ్ పెద్దాసుపత్రి, 108 సైరన్‌కి అయితే సరే అనుకోవచ్చు. సైరన్ లేనప్పుడూ పెడుతున్నాడు. కింద పోర్షన్ మామ్మగారేమో కుక్క ఏడిస్తే ఇంటికి కీడు, ఎవరికైనా ఇచ్చేయమంటున్నారు. మా ఆవిడా భయపడుతోంది.

జవాబు:
కీడూ లేదు, పాడూ లేదన్నా. తోడేళ్ల నుంచి వచ్చిన అలవాటది. దూరంగా ఉన్న మందకి 'నేనిక్కడ, మీరెక్కడ' అని పెట్టే కేక. సాగదీసి ఒకే తీరుగా వచ్చే చప్పుడు వింటే చాలు, చాలా కుక్కలు బదులు పలుకుతాయి. సైరన్ కథ అదే. పైగా మనకి వినపడనంత సన్నటి కీచు చప్పుళ్లు కూడా వాటికి వినపడతాయి. మీరు లేనప్పుడు ఏం చేస్తున్నాడో తెలియాలంటే, ముందు పాత ఫోన్లో రికార్డింగ్ పెట్టి బయటికెళ్లి చూడండి.

ఇంకొకరు:
మా ముసలి కుక్కకి పన్నెండేళ్లు. అర్ధరాత్రి గోడకేసి చూస్తూ ఊళ పెట్టేది. వయసుతో వచ్చిన మతిమరుపన్నారు డాక్టరు. మీవాడు తిండి మానేసినా, ముట్టుకుంటే కసిరినా వెంటనే చూపించండి.

ప్రశ్న అడిగినవారు:
నిన్న ఐదున్నరకి వెళ్లి ఏడింటికొచ్చి విన్నాను. తాళం వేసిన చప్పుడు, తర్వాత నాలుగు నిమిషాలు గోళ్ల టకటక, గుమ్మం దగ్గర గట్టిగా వాసన పీల్చడం, ఆపైన ఊళ. ఇరవై నిమిషాలు! మధ్యలో హార్బర్ నుంచి ఓడ కూత వినపడింది, దానికి పలకనే లేదు. ఆరున్నరకి మళ్లీ ఎత్తుకున్నాడు. వెనక్కి తిప్పి వింటే కింద మామ్మగారి పూజ, శంఖం ఊదుతున్నారు.

జవాబు:
హహ. శంఖానిది వదిలేయండి, అది ఆగితే వీడూ ఆగుతాడు. అసలు సంగతి మీరు వెళ్లగానే పెట్టిన మొదటి ఊళది. కొత్త ఇల్లు, మీరు తిరిగొస్తారో రారో వాడికి తెలీదు. తాళంచెవి తీసి, వెళ్లకుండా కూర్చోండి. రోజూ కొన్నిసార్లు అలా చేశాక తలుపేసి అర నిమిషంలో వచ్చేయండి, ఊళ మొదలవకముందే రావాలి. అది అలవాటైతే రెండు నిమిషాలు, ఐదు, పది. వారాలు పడుతుంది. వాడి పడక మీద మీరు వేసుకుని విడిచిన చొక్కా వేయండి. కొట్టొద్దు, భయం ఇంకా పెరుగుతుంది. ఆరున్నరకి ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లండి, ఇసుక కూడా చల్లబడి ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
సరే అన్నా. ఈ శంఖం సంగతి మామ్మగారికి చెప్పి రమ్మని మా ఆవిడ నన్నే తోస్తోంది.