శరదృతువు రంగుల్లో, ఫొటో తీస్తున్న ఫొటోగ్రాఫర్‌ని తీయడం ఎలా?

ప్రశ్న: ఎర్ర, పసుపు ఆకుల మధ్య ట్రైపాడ్ మీదికి వంగిన మిత్రుణ్ణి తీస్తే నల్ల జాకెట్, నల్ల కెమెరా కలిసి ముద్దలా వస్తున్నాయి. ఆకులేమో రంగు పులిమినట్టు. ఏం మార్చాలి?

జవాబు 1: ముందు నిలబడే చోటు మార్చండి. ఆయన వెనక ఎండ తగిలిన ఆకులుండాలి, మధ్యలో కనీసం 5 మీటర్ల ఎడం. 85 లేదా 135 ఎం.ఎం. లెన్స్, ఎఫ్ 2.8 అపర్చర్ (లెన్స్ రంధ్రం బాగా తెరిస్తే వెనక ఆకులు మసకబారతాయి). పక్కనుంచి తీయండి. వ్యూఫైండర్‌కి ఆనిన కన్ను, ఫోకస్ రింగు మీద వేళ్లు కనబడాలి. బొమ్మకు ప్రాణం అక్కడే ఉంది.

జవాబు 2: పులిమినట్టు రావడానికి కారణం ఎరుపు ఛానల్ (కెమెరా ఎరుపును విడిగా నమోదు చేసే భాగం) నిండిపోయి వివరాలు పోవడం. మామూలు హిస్టోగ్రామ్‌లో (బొమ్మలో వెలుగునీడల లెక్క చూపే గ్రాఫ్) అది దొరక్కపోవచ్చు, ఎరుపు, ఆకుపచ్చ, నీలాల్ని విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ చూడండి. ఎరుపు కుడి అంచుకు కొడితే ఎక్స్‌పోజర్ 2/3 స్టాప్ తగ్గించి (ఒక స్టాప్ తగ్గితే వెలుతురు సగమవుతుంది), రా (RAW, కెమెరా మార్పులు చేయని ఫైలు) పద్ధతిలో తీసి, జాకెట్ నీడల్ని తర్వాత పైకి లేపండి. ఆటో వైట్ బ్యాలెన్స్ (కెమెరా తనంతట తానే రంగుల్ని సరిదిద్దడం) పసుపుదనాన్ని చంపేస్తుంది. ఎండలో వైట్ బ్యాలెన్స్‌ను 5200 కెల్విన్ (వెలుతురు రంగును కొలిచే కొలమానం) దగ్గర పెట్టండి.

జవాబు 3: ఆకులు తడిగా ఉంటే లెన్స్ ముందు పోలరైజర్ (మెరుపుల్ని తగ్గించే ఫిల్టర్) పెట్టి తిప్పండి, తెల్లటి మెరుపు పోయి అసలు రంగు తేలుతుంది. 1 నుంచి 2 స్టాప్‌ల వెలుతురు తగ్గుతుంది కాబట్టి ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచండి. షట్టర్ వేగం 1/250 సెకను కంటే దిగితే కదిలే వేళ్లు చెదరవచ్చు. అన్నట్టు, మీ నీడ ఆయన ఫ్రేములో పడనివ్వకండి.