క్లాస్ 2 స్టాకింగ్స్ గంటకే చుట్టుకుపోతున్నాయి. సైజు తప్పా, తొడిగే తీరు తప్పా?

గోదారిగట్టు:
అమ్మకి 56 ఏళ్ళు. టిఫిన్ సెంటర్లో తెల్లవారుజాము నుంచి పదకొండింటి దాకా పెనం ముందు నిలుచునే పని. డాప్లర్ (రక్తనాళాల స్కాన్) తీసి వేరికోస్ వెయిన్స్, అంటే కాలి సిరలు ఉబ్బడం అన్నారు, మోకాలి కిందిదాకా వచ్చే, కాలిని బిగించి పట్టే క్లాస్ 2 స్టాకింగ్స్ రాశారు. మందుల షాపులో చెప్పుల సైజు అడిగి మీడియం ఇచ్చారు. తొడగాలంటే ఇద్దరం పట్టాలి. గంటకల్లా పై అంచు చుట్టుకుని కిందికి దిగిపోతోంది, పిక్క మీద ఎర్రగా గాడి పడుతోంది. లార్జ్ తీసుకోమంటారా?

కొలతల_టేపు:
చెప్పుల సైజుతో దీనికి సంబంధమే లేదండీ. పొద్దున మంచం దిగకముందే, వాపు రాకముందే, మూడు కొలతలు తీయండి: చీలమండ ఎముకకి కాస్త పైన సన్నగా ఉండేచోట చుట్టుకొలత, పిక్క బాగా లావుగా ఉన్నచోట చుట్టుకొలత, మడమ కింద నేల నుంచి మోకాలి వెనక మడతకి రెండు వేళ్ళ కిందిదాకా పొడవు. రెండు కాళ్ళకీ విడివిడిగా తీయండి. సాయంత్రం కొలిస్తే సైజు పెద్దదొస్తుంది, మర్నాడు పొద్దున వదులవుతుంది.

క్లాస్ 2 అంటే చీలమండ దగ్గర 23 నుంచి 32 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడి. పైకి పోయేకొద్దీ అది తగ్గాలి, అప్పుడే రక్తం పైకి సాగుతుంది. అంచు మడత పడితే అక్కడ గుడ్డ రెండు పొరలై ఒత్తిడి ఇంచుమించు రెట్టింపవుతుంది. అంటే పిక్కకి తాడు కట్టినట్టే, కింద వాపు ఇంకా పెరుగుతుంది. చాలావరకు పొడవు ఎక్కువైనప్పుడో, మిగిలిన గుడ్డని మోకాలి మడతలోకి లాగినప్పుడో ఇలా చుట్టుకుంటుంది. చాలా కంపెనీల్లో పొట్టి, మామూలు అని రెండు పొడవులుంటాయి. షాపువాళ్ళు అడగరు, మీరే అడగాలి.

ఫిజియోగది:
ఇద్దరు పట్టాల్సి వస్తోందంటే పై అంచు పట్టుకుని లాగుతున్నారన్నమాట. అలా లాగొద్దు. చెయ్యి లోపలికి పోనిచ్చి మడమ గూడు పట్టుకుని, అక్కడిదాకా లోపలివైపు బయటికి తిప్పండి. పాదం దూర్చి, మడమ సరిగ్గా గూట్లో కూర్చున్నాకే మిగతాది కాలి మీదికి తిప్పండి. తర్వాత గిన్నెలు తోమే రబ్బరు గ్లవ్స్ వేసుకుని అరచేత్తో నిమురుతూ కొద్దికొద్దిగా పైకి జరపండి. గోళ్ళు తగిలి పోగు తెగదు, చేతికి పట్టూ దొరుకుతుంది.

వేళ్ళ దగ్గర తెరిచి ఉండే రకమైతే ఇంకో చిట్కా: పాదానికి ముందు నున్నటి ప్లాస్టిక్ కవరు తొడిగి, స్టాకింగ్ ఎక్కాక వేళ్ళవైపు నుంచి కవరు లాగేయండి. కాలు తడిగా ఉన్నా, కొబ్బరినూనె రాసినా కదలదు. నూనె, క్రీము రాత్రి విప్పాక రాసుకోవచ్చు.

అయినా చేతులు సహకరించకపోతే ఒత్తిడి తక్కువుండే క్లాస్ 1వి రెండు, ఒకదానిమీద ఒకటి తొడిగే పద్ధతుంది. ఒత్తిడి దాదాపు కలుస్తుంది, తొడగడం తేలిక. డాక్టర్ని అడిగాకే సుమా. బీరువాలో మడతపెట్టిన క్లాస్ 2 కన్నా రోజూ కాలికుండే క్లాస్ 1 మేలని నా అభిప్రాయం.

వార్డు_సిస్టర్:
కాళ్ళ పట్టీలు (వెండి గొలుసులు) తీసేయాలి, స్టాకింగ్ కింద ఉంటే చర్మంలోకి దిగుతాయి. మెట్టెలు తీయనంటే వేళ్ళు తెరిచి ఉండే రకమే కొనండి. ఆపరేషన్ తర్వాత ఇచ్చే తెల్లవి ఇంట్లో ఉన్నా వాడొద్దు. అవి మంచంలో పడుకునేవాళ్ళకి, నిలబడి పనిచేసే కాలికి వాటి బిగువు చాలదు.

వేళ్ళు నీలంగా మారినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా వెంటనే విప్పేయండి. నడిస్తే పిక్క పట్టేసి, ఆగితే తగ్గే నొప్పి ఉంటే, ముందు కాలి ధమనుల్లో రక్తప్రసరణ పరీక్ష చేయించాలి. ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి నొప్పి పెడితే అదేరోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

రెండు జతలు కొని మార్చి మార్చి వాడండి. గోరువెచ్చని నీళ్ళలో చేత్తో ఉతికి, పిండకుండా తువాలులో చుట్టి నొక్కి, నీడలో ఆరేయండి. రోజూ వాడితే ఆరు నెలలకి సాగు పోతుంది.

గోదారిగట్టు:
పొద్దున కొలిచాను. రెండు కాళ్ళూ ఒకటే: చీలమండ 21, పిక్క 40, పొడవు 35 సెంటీమీటర్లు.

కొలతల_టేపు:
35 అంటే ముందు పొట్టి రకమే అడగండి. లార్జ్ వద్దు: పిక్కకి సరిపోయినా చీలమండ దగ్గర వదులైతే అసలు ఒత్తిడే ఉండదు. డబ్బా మీది చార్టులో 21 ఏ సైజులో పడుతుందో చూసి, అదే సైజుకి పిక్క 40 పడుతుందో లేదో చూడండి. పట్టకపోతే వెడల్పు పిక్క రకం ఉందేమో అడగండి. అదీ దొరక్కపోతే కొలతలిచ్చి చేయించుకోవడమే.