“నా ఓడ తప్ప, నా పైవస్త్రం తప్ప”: ఆర్థర్ మాటలోని మినహాయింపులు

వెల్ష్ (బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతపు భాష) కథ ‘కిల్‌హుఖ్, ఓల్వెన్’ 1100 ప్రాంతంలో రూపుదిద్దుకుందని పండితుల అంచనా. మనకు దక్కిన వ్రాతప్రతులు మాత్రం 14వ శతాబ్ది నుండి మొదలవుతాయి. అందులో తన కొలువుకు వచ్చిన యువకుడు కిల్‌హుఖ్‌కు బ్రిటన్ గాథల రాజు ఆర్థర్ ఇచ్చే మాట చర్చకు తగినది. గాలి ఆరబెట్టినంత మేర, వాన తడిపినంత మేర, సూర్యుడు తిరిగినంత మేర, సముద్రం ఆవరించినంత మేర, నేల ఉన్నంత మేర నీ నోట ఏది వస్తే అది ఇస్తానంటాడు. వెంటనే మినహాయింపులు మొదలుపెడతాడు: నా ఓడ, నా పైవస్త్రం, నా ఖడ్గం కలెద్‌వుల్ఖ్, నా ఈటె రోంగొమనియద్, నా డాలు వనెబ్‌గుర్థిఖెర్, నా బాకు కర్న్‌వెన్నన్, నా భార్య గ్వెన్‌హ్వీవర్.

ఈ పేర్ల పట్టికను ఆయుధ వర్ణనగా చదవడం పొరపాటని నా అభిప్రాయం. ఇది దానపత్రంలోని మినహాయింపు షరతు వంటిది. లోకమంతా ఇవ్వగల రాజు ఏవి ఇస్తే తాను రాజుగా మిగలడో వాటిని పేరు పెట్టి మరీ పక్కన ఉంచుకుంటున్నాడు. గాండీవాన్ని మరొకరికి ఇమ్మన్నవాడి తల తీస్తానని అర్జునుడు పూనిన వ్రతం, కర్ణపర్వంలో ధర్మరాజు ఆ మాటే అనడంతో రేగిన సంకటం మనవారికి తెలిసినవే గనుక, ఈ షరతు బరువు తెలుగు పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. అయితే కలెద్‌వుల్ఖ్ విషయంలో అటువంటి పట్టింపు నిలవదు. ఐర్లండులో దివుర్నఖ్ అనేవాడి కాగును తేవలసి వచ్చినప్పుడు లెన్లెయౌగ్ అనే ఐరిష్ వీరుడు ఆ ఖడ్గాన్ని అందుకొని దివుర్నఖ్‌నూ అతని పరివారాన్నీ నరికివేస్తాడు. బాకును మాత్రం ఆర్థరే విసురుతాడు. గుహలోని నల్ల మంత్రగత్తె ఆ దెబ్బకు రెండు తొట్లలా రెండు ముక్కలవుతుంది.

ఇక పేర్ల నిర్మాణం. ‘కలెద్’ అంటే గట్టి, ‘బుల్ఖ్’ అంటే గండి లేదా నొక్కు. సమాసంలో రెండవ పదం తొలి బకారం వకారమై ‘కలెద్‌వుల్ఖ్’ అయింది. మన గసడదవాదేశంలో పకారం వకారమయ్యే తీరు తెలిసినవారికి ఇది వింతగా తోచదు, కాకపోతే వెల్ష్‌లో ఈ మార్పు ఇంకా విస్తృతం: గకారం ఏకంగా లోపిస్తుంది. ‘కర్న్’ అంటే పిడి, ‘గ్వెన్’ అంటే తెల్లనిది. వాటికి అల్పార్థక ప్రత్యయం చేరి, గకారం జారిపోయి ‘కర్న్‌వెన్నన్’, అనగా చిన్న తెల్లపిడి అయింది. పట్టికలో దాని పక్కనే నిలిచిన రాణి పేరులోనూ అదే ‘గ్వెన్’ ఉండడం చెవికి ఇంపుగా తగులుతుంది. డాలు పేరుకు ‘సంధ్యాముఖం’ అనే అర్థం చెబుతారు.

పట్టికలో ఓడకు పేరు లేదు. ప్రద్వెన్ అనే పేరు కథలో తరువాత వస్తుంది. 1136 ప్రాంతంలో మన్మత్ వాసి జెఫ్రీ లాటిన్‌లో వ్రాసిన చరిత్రలో ఆ పేరు డాలుకు చేరింది, ఖడ్గం కాలిబుర్నస్ అయింది, ఈటె పేరు ‘రోన్’ అని కుదించుకుపోయింది. కాలిబుర్నస్ అనే ఆ లాటిన్ రూపమే ఫ్రెంచి కథల మీదుగా ఎక్స్‌కాలిబర్‌గా మారింది. తెల్లపిడి బాకుకు మాత్రం జెఫ్రీ గ్రంథంలో చోటే లేదు.