చూడ్కి అంటే కన్నా, చూపా?

ప్రశ్న: ఆప్టోమెట్రీ (చూపును పరీక్షించి తగిన కళ్ళద్దాలు నిర్ణయించే విద్య) చదువు చరిత్ర మీద వ్యాసం రాస్తూ, పోతన గారి పాదం ఒకటి తలకట్టుగా పెట్టాలనుకున్నాను. ‘...జూచు చూడ్కులు చూడ్కులు’ అన్న తునక మాత్రమే నోట ఆడుతోంది. ముందున్న మాట ఏమిటి? చూడ్కికి కన్ను అని అర్థం రాయవచ్చునా?

జవాబు: ‘సురరక్షకునిఁ జూచు’. నిస్సందేహంగా కన్నే. ఆ సీస పద్యంలో కరములు, జిహ్వ, శిరము, వీనులు, పదములు అని అవయవాలను వరసపెట్టిన కవి, నడుమ చూపును తేవడం పొసగదు.

జవాబు: అదే సీసంలో మనమూ బుద్ధీ కూడా ఉన్నాయి కదండీ, అవి ఏ అవయవాలు? నా మటుకు అది చూపే, మీ వ్యాసానికి కావలసిందీ అదే. న్యూయార్కులో కళ్ళద్దాల నిపుణుడు ఛార్లెస్ ప్రెంటిస్ దృష్టి పరీక్షకు విడిగా రుసుము తీసుకుంటే కంటివైద్యులు ఆక్షేపించారు. కన్ను వైద్యుడిదే అయినా, కాంతిని కటకంతో వంచి చూపును సరిచేయడం వేరే శాస్త్రమన్నది ఆప్టోమెట్రీ పక్షం వారి వాదన. 1901లో మిన్నెసోటా రాష్ట్రం ఈ వృత్తికి అమెరికాలో తొలి చట్టం చేసింది. 1910లో కొలంబియా విశ్వవిద్యాలయంలో మొదలైన కోర్సును నడిపించిన సౌతాల్, 1914లో ఒహాయో స్టేట్‌లో ఈ చదువుకు పునాది వేసిన షెర్డ్, 1923లో బర్కిలీలో మొదలుపెట్టిన మైనర్, ముగ్గురూ వైద్యులు కారు, భౌతికశాస్త్రం వారు. ఈ విద్య పుట్టిల్లు ప్రయోగశాల.

జవాబు: అది అమెరికా కథ మాస్టారూ. మన దేశంలో ఈ చదువు కంటి ఆసుపత్రుల్లోనే పెరిగింది. 1958లో అలీగఢ్ గాంధీ కంటి ఆసుపత్రిలో డిప్లొమా, 1985లో చెన్నై శంకర నేత్రాలయ నీడన ఎలైట్ స్కూల్‌లో నాలుగేళ్ళ డిగ్రీ వచ్చాయి. తర్వాత హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ సంస్థ ఆ బాట పట్టింది. ఇక్కడ విద్యార్థి ట్రయల్ ఫ్రేములో (పరీక్షకు వాడే కళ్ళజోడు చట్రంలో) అద్దం మార్చి, ‘ఇందాకటిది బాగుందా, ఇది బాగుందా?’ అని అడిగి చూపును కొలుస్తాడు, ఆ వెంటనే పక్క గదిలో శుక్లం ముదిరిన కంటిని దగ్గరుండి చూసి నేర్చుకుంటాడు. కన్నూ చూపూ రెండూ పలికే చూడ్కి అన్న మాట మన చదువుకే బాగా అతుకుతుంది.

జవాబు: చరిత్ర బాగుంది కానీ, పద్యాన్ని యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ నియత స్థానంలో పొత్తు కుదిరే అక్షరం రావడం) వైపు నుంచి కూడా చూడండి. ‘సు’కు ‘చూ’తో యతి చెల్లుతుంది, ‘కన్నులు’ అంటే చెల్లదు. కాబట్టి మొదట జవాబిచ్చిన వారు చెప్పిన కన్ను అన్న అర్థమే కవి మనసులో ఉన్నా, మాట మాత్రం చూడ్కులే కావాలి. పోతన గారు యతి కోసం వెతుక్కున్నట్టు ఎక్కడా కనిపించకుండా నడిపించడమే నన్ను ముగ్ధుణ్ణి చేస్తుంది.

జవాబు: యతికి, గణానికి ‘చూపులు’ కూడా సరిపోతుంది కదా! అర్థం చూపే అయితే, అందరికీ తెలిసిన ఆ మాట విడిచి చూడ్కులే ఎందుకు ఎంచుకున్నట్టు? భాగవతంలో చూడ్కి వచ్చిన తావులన్నీ ఒకచోట చేర్చి రాస్తాను, అంతవరకు తలకట్టు కింద అర్థం వేయకండి.