రాత్రి నుంచి వేళ్లు కొంకర్లు పోతున్నాయి, ఏం చేయాలి?

వేకువ:
రాత్రి పదకొండు నుంచి ఇదే నరకం. కుడిచేతి బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుపోతోంది, మిగతా వేళ్లు నిటారుగా బిగుసుకుని ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయి. రెండో చేత్తో లాగి విడదీస్తే ఐదు నిమిషాలు బాగుంటుంది, మళ్లీ మొదలు. వేడినీళ్లలో పెట్టాను, మర్దనా చేశాను, నొప్పి బిళ్ల వేసుకున్నాను. ఏదీ పనిచేయలేదు. ఎడమచేత్తో ఒక్కో అక్షరం టైప్ చేస్తున్నాను. షుగర్ లేదు, బీపీ లేదు, వేరే జబ్బేమీ లేదు. ఎవరికైనా ఇలా వచ్చి తగ్గిందా? రెస్ట్ తీసుకోమని మాత్రం చెప్పకండి.

రెండుముక్కలు:
రక్తంలో కాల్షియం, మెగ్నీషియం చూపించుకోండి. ఇవాళే.

చేతిరాత:
పరీక్షల సంగతి తర్వాత, ముందు మీరు పెన్ను ఎలా పట్టుకుంటారో చెప్పండి. పన్నెండేళ్లుగా ఈ బాధ పడుతున్నాను కాబట్టి అడుగుతున్నాను. నాకు పెన్ను పట్టుకోగానే వేళ్లు మెలితిరుగుతాయి, పక్కన పెడితే మామూలే. లోపం చేతిలో కాదు, వేళ్లను నడిపే మెదడు సంకేతాల్లో. డాక్టర్లు ఫోకల్ డిస్టోనియా అంటారు. పియానో, వయొలిన్ వాయించేవాళ్లకీ వస్తుంది. నాకు బొటాక్స్ ఇంజెక్షన్ చేస్తే సుమారు మూడు నెలలు హాయిగా ఉంటుంది, తర్వాత మళ్లీ చేయించుకోవాలి. లావుపాటి పెన్ను వాడండి, గట్టిగా నొక్కకండి. పిల్లలకు పెన్ను పట్టుకోవడం సరిగ్గా నేర్పకపోవడం వల్ల చేతులు ఎంత అలిసిపోతున్నాయో ఎవరికీ పట్టదు.

వేకువ:
అండీ, నేను పెన్ను ముట్టుకుని ఏళ్లయింది. ఊరికే పడుకున్నా వస్తోంది. ఇప్పుడు ఎడమచేయి కూడా మొదలుపెట్టింది. పెదాల చుట్టూ తిమ్మిరి. టెన్షన్ వల్లేమో.

మాటలమూట:
తిమ్మిరి వేరు, కొంకర్లు వేరు, అదరడం వేరు. స్పర్శ మొద్దుబారి చీమలు పాకినట్టుంటే తిమ్మిరి. కండరం బిగుసుకుని వేళ్లు వంకర పోతే కొంకర్లు. కనురెప్ప కొట్టుకున్నట్టు చిన్నగా కదిలితే అదరడం. డాక్టర్ దగ్గర అన్నింటికీ తిమ్మిరి అంటే తప్పు దారి పడతారు.

రెండుముక్కలు:
పెదాల తిమ్మిరి ముందే చెప్పాల్సింది. ఈమధ్య ఆపరేషన్ ఏదైనా అయిందా? ఏ మందులు వాడుతున్నారు? ఎసిడిటీకి ఒమెప్రజోల్ లాంటివి ఏళ్ల తరబడి వాడినా కొందరికి మెగ్నీషియం పడిపోతుంది.

వేకువ:
ఎసిడిటీ మందులు లేవు. ఐదు వారాల కిందట థైరాయిడ్ మొత్తం తీసేశారు. మెడకీ చేతికీ ఏం సంబంధమని రాయలేదు. కాల్షియం బిళ్లలు ఇచ్చారు, అయిపోయి పది రోజులైంది. బాగానే ఉన్నాను కదా అని మళ్లీ కొనలేదు.

రెండుముక్కలు:
సంబంధం అక్కడే ఉంది. థైరాయిడ్‌ని ఆనుకుని బియ్యపు గింజంత పారాథైరాయిడ్ గ్రంథులు ఉంటాయి, చాలామందికి నాలుగు. రక్తంలో కాల్షియాన్ని కాపాడేవి అవే. ఆపరేషన్‌లో వాటికి రక్తం సరిగ్గా అందకపోతే కాల్షియం పడిపోతుంది, నరాలు చిన్నదానికే రేగిపోతాయి. దీన్ని టెటనీ అంటారు. ఎమర్జెన్సీకి వెళ్లండి, బండి మీరు నడపకండి. గొంతు బిగుసుకోవచ్చు, ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. థైరాయిడ్ ఆపరేషన్ మాట మొదటే చెప్పండి.

చేతిరాత:
టెటనీ అంటే ఇనుము గుచ్చుకుంటే వచ్చేదే కదా? గాయం ఏమీ లేదన్నారే?

మాటలమూట:
అది టెటనస్, ధనుర్వాతం. గాయంలో చేరిన క్రిమి విషం వల్ల వస్తుంది. ఇది వేరు. పేర్లు దగ్గరగా ఉన్నాయని కలిపేయకండి.

చేతిరాత:
రెండింట్లోనూ కండరాలు బిగుసుకుంటాయి కదా, అందుకే అడిగాను. అయినా కంగారుగా వేగంగా ఊపిరి పీల్చినా వేళ్లు ఇలాగే ముడుచుకుంటాయి, మా అక్కకి అయింది.

మాటలమూట:
అవుతుంది, అది కూడా టెటనీయే. అయితే ఆపరేషన్ అయిన మనిషికి టెన్షన్ అని సర్దిచెప్పి ఇంట్లో కూర్చోబెట్టకూడదు.

వేకువ:
వెళ్లొచ్చాను. కాల్షియం 6.8 ఉందట, 8.5 పైన ఉండాలట. ఇసిజి తీసి, కాల్షియం నరానికి నెమ్మదిగా ఎక్కించారు. వేళ్లు విడిపోయాయి. బిళ్లలు మళ్లీ రాశారు. థ్యాంక్సండీ, నిద్రపోతాను.

కొత్తచిగురు:
నాకూ రెండు నెలలుగా వేళ్లు ఇలాగే పట్టేస్తున్నాయి. ఆపరేషన్ ఏమీ కాలేదు. ఎసిడిటీ బిళ్ల మాత్రం నాలుగేళ్లుగా రోజూ వేసుకుంటున్నాను. మెగ్నీషియం పరీక్ష మామూలు రక్తపరీక్షలోనే వస్తుందా, విడిగా అడగాలా?