బత్తాయి తోటకు భూసార పరీక్ష చాలదా? ఆరడుగుల గుంత తీయాల్సిందేనా?

ఎర్రచల్క: నల్గొండ వైపు 6 ఎకరాల చల్క (తేలికపాటి ఎర్ర) నేల, బత్తాయి పెట్టాలని ఆలోచన. భూసార పరీక్షలో ఉదజని సూచిక (పీహెచ్) 7.6, లవణ సూచిక (ఈసీ) 0.3, సేంద్రియ కర్బనం 0.4 శాతం వచ్చాయి. కర్బనం తక్కువే గానీ మిగతావి బాగానే ఉన్నాయి. మొక్కలు పెట్టేయమని కొందరు, జేసీబీతో ఆరడుగులు తవ్వి చూడందే దిగొద్దని కొందరు. తవ్వాలా, అది దండగ ఖర్చా?

ల్యాబ్‌రిపోర్ట్: మట్టి సరిగ్గా తీసి ఉంటే ఈ కాగితం చాలు. జిగ్‌జాగ్‌గా నడుస్తూ 8–10 చోట్ల ‘వి’ ఆకారంలో ఆరంగుళాల గుంత తీయాలి. గోడ వెంబడి పైనుంచి కిందికి ఒకే మందంలో మట్టి గీయాలి. అంతా కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు తీసేస్తూ అరకిలోకు తేవాలి. గట్ల పక్క, చెట్ల కింద, పెంటకుప్ప వేసిన చోట తీయకూడదు. ఇక లోతుల్లో ఏదైనా లోపం ఉంటే మీటరు గుంత తీసి 40 కిలోల పశువుల ఎరువు, కిలో సూపర్ ఫాస్ఫేట్, మంచి ఎర్రమట్టి నింపితే సరి.

గడ్డపార: ఆ ఆరంగుళాలు వరికి, పత్తికి ఎరువు మోతాదు చెప్పడానికి. బత్తాయి వేరు బతికేది ఆ కింద. పైన ఎర్రచల్క, మూడడుగుల్లో సుద్ద (సున్నపు పొర) ఉన్న నేలకు కూడా 7.6 అనే వస్తుంది. పైగా భూసార కార్డులో ఉండే 12 అంశాల్లో సున్నం శాతం లేనే లేదు, విడిగా అడిగి చేయించుకోవాలి. 2015–19 మధ్య ఇచ్చిన ప్రభుత్వ కార్డు అయితే ఇంకో సంగతి: అప్పట్లో నీటి వసతి ఉన్న చోట 2.5 హెక్టార్లకు, మెట్టలో 10 హెక్టార్లకు ఒక నమూనా తీశారు. అది మీ చేలో తీసిన మట్టే అయి ఉండాలని లేదు.

గుంతలు కనీసం మూడు: మెరకన ఒకటి, నడిమిన ఒకటి, పల్లాన ఒకటి. మట్టి రంగు మారిన చోట ఇంకొకటి. గోడ ఎండ తగిలే వైపు చూడాలి. తంగేడు వేరో తుమ్మ వేరో నిలువుగా దిగుతూ ఒక చోట అడ్డం తిరిగిందంటే బత్తాయి వేరూ అక్కడే ఆగుతుంది. బూడిద రంగు మట్టిలో తుప్పు మరకలు కనిపిస్తే అక్కడ వానాకాలం నీళ్లు నిలుస్తాయని లెక్క. తెల్లటి పొర తగిలితే బాత్‌రూమ్ యాసిడ్ ఒక వంతు తీసుకుని మూడు వంతుల నీళ్లలో పోసి (నీళ్లను యాసిడ్‌లో పోయొద్దు, చిమ్ముతుంది) రెండు చుక్కలు వేయండి. బుసబుస పొంగితే సున్నమే. ప్రతి అడుగు లోతుకూ విడి సంచిలో మట్టి పంపండి, కలపొద్దు. కలిపితే వచ్చే సగటు ఏ పొరదీ కాదు. సున్నం 10 శాతం దాటిన పొర నాలుగడుగుల లోపు ఉంటే బత్తాయికి ఆ చేను వద్దు.

బోరునీళ్లు: మట్టి మీదే కొట్టుకుంటున్నారు గానీ నీళ్ల సంగతేంటి? లీటరు సీసాను అదే నీటితో రెండు మూడు సార్లు కడిగి, మోటారు అరగంట నడిచాక పట్టి పంపండి. ఆర్.ఎస్.సి. (నీళ్లలో మిగులు సోడా కొలత) 1.25 లోపు ఉంటే నిశ్చింత, 2.5 దాటితే బంగారం లాంటి చల్క కూడా డ్రిప్పు కింద ఏళ్ల మీద కారుచౌడుగా (నీళ్లు ఇంకని క్షార నేలగా) మారుతుంది.

ల్యాబ్‌రిపోర్ట్: నీళ్ల పరీక్ష ఒప్పుకుంటాను. కానీ సుద్ద ఉన్నంత మాత్రాన భూమిని వదిలేస్తారా? సున్నం వల్ల ఇనుము అందక ఆకులు పసుపెక్కితే లీటరుకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), గ్రాము నిమ్మ ఉప్పు కలిపి కొడితే పచ్చబడతాయి. డ్రిప్పులో చీలేటెడ్ ఐరన్ (నేల కట్టేయకుండా పూత కట్టిన ఇనుము) కూడా ఇవ్వొచ్చు.

గడ్డపార: పచ్చబడేది కొట్టిన ఆకు. తర్వాతి చిగురు మళ్లీ ఈనెలు పచ్చగా, మధ్యలో పసుపుగానే వస్తుంది. అన్నభేది నేలలో వేస్తే సున్నం దాన్ని కట్టిపడేస్తుంది. చీలేట్లలోనూ ఇ.డి.టి.ఎ. రకం ఆ నేలలో నిలవదు. నిలిచేది ఇ.డి.డి.హెచ్.ఎ., దాని ధర కనుక్కుని ఎకరాకు లెక్క వేయండి.

మీ మీటరు గుంత లెక్కా చూద్దాం. 20 అడుగుల దూరంలో ఎకరాకు 108 చెట్లు, చెట్టుకు 37 చదరపు మీటర్ల చోటు. అందులో మీరు మార్చింది ఒక చదరపు మీటరు. మొదటి మూడేళ్లు మొక్క నవనవలాడుతుంది, వేరు గుంత దాటాక అసలు నేల తగులుతుంది. అప్పటికి పెట్టుబడంతా పెట్టేసి ఉంటారు. బంకమట్టిలో అయితే ఇంకా అన్యాయం: నింపిన మట్టిలోకి నీళ్లు సులువుగా దిగి, చుట్టూ ఉన్న బంకలోకి పోలేక తొట్టిలో నిలిచినట్టు నిలుస్తాయి. వేరుకుళ్లు అక్కడే మొదలు.

సీతాఫలం: ఇద్దరూ బత్తాయి అనే గిరి గీసుకుని మాట్లాడుతున్నారు. గుంతలో రెండడుగుల కింద మొరం (రాతి ముక్కల మట్టి) వస్తే సీతాఫలం పెట్టుకోవచ్చు. కొంచెం సున్నాన్ని దానిమ్మ తట్టుకుంటుంది. నేలను బట్టి పంట, పంటను బట్టి నేల కాదు. మొరానికీ సుద్దకూ తేడా తెలియక గట్టిగా ఉన్నదల్లా చెడ్డ నేలంటారు. గడ్డపారకు పొడిపొడిగా రాలే మొరంలోకి వేరు దూరుతుంది.

ఎర్రచల్క: నీళ్లు నిలుస్తాయో లేదో తేల్చే పద్ధతి ఏదైనా ఉందా? పల్లాన బంక తగులుతుందని అనుమానం.

గడ్డపార: ఆరడుగులు కాదు, మూడడుగుల లోతున ఒక మెట్టు వదలండి. దానిమీద అడుగు లోతు, అడుగు వెడల్పు చిన్న గుంత తీసి సాయంత్రం నీళ్లు నింపండి. తెల్లారి మళ్లీ నింపి పుల్ల గుచ్చి గంటగంటకూ గీత పెట్టండి. మొదటి రోజు కొలత నమ్మొద్దు, పొడి మట్టి దేన్నైనా తాగేస్తుంది. గంటకు అంగుళం దిగితే చాలు. అరంగుళం కూడా దిగకపోతే ఆ పల్లాన్ని పశుగ్రాసానికి వదిలి, బత్తాయిని మిగిలిన మెరకలోనే పెట్టండి.

ల్యాబ్‌రిపోర్ట్: మెరకన ఒక్క గుంత చాలు. మూడు తీయడం దండగని ఇప్పటికీ అంటాను.

గడ్డపార: జేసీబీ ఎలాగూ వస్తుంది కదా. మిగతా రెండు గుంతలకు పట్టేది ఇంకో గంట.